21, 37, ఒక ఖాళీ గడి

మా మామయ్యకు పర్లాకిమిడిలో విద్యుత్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. వైర్లు, స్విచ్చులు, హోల్డర్లు, పైపులు. సరుకు ఇటు కాశీనగరం, గుణుపురం, మోహన వైపు పోతుంది. అటు పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వైపు పోతుంది. ఇటు పోయేది ఒడిశాలో సరుకు, అటు పోయేది ఆంధ్రప్రదేశ్ సరుకు. దుకాణంలో నిలబడి మాట విని ఎవరు ఎటువారో చెప్పడం మాత్రం కష్టం. గుణుపురం ఆయన తెలుగులో బేరమాడతాడు, పాతపట్నం ఆయన ఒడియాలో లెక్క పెడతాడు. 1936లో పర్లాకిమిడి మద్రాసు నుంచి విడివడి ఒడిశాలో చేరినప్పుడు పడిన గీత మా ఇంటి పెళ్లిళ్లకు ఎన్నడూ అడ్డు రాలేదు. బిల్లు పుస్తకానికి మాత్రం రోజూ అడ్డు వస్తుంది.

వైరు మీద జీఎస్టీ 18 శాతం. ఒడిశా లోపల అమ్మితే అది రెండు సగాలవుతుంది: 9 కేంద్రానికి, 9 రాష్ట్రానికి. గీత దాటితే మొత్తం 18 ఐజీఎస్టీ అనే ఒకే పద్దు కిందికి వెళ్తుంది. కొనేవాడి జేబులోంచి పోయేది ఎటైనా ఒకటే. అమ్మేవాడికి అలా కాదు. తప్పు పద్దు కింద కడితే సరైన పద్దు కింద మళ్లీ కట్టి, మొదట కట్టినదాన్ని వాపసు అడగాలి. గుమాస్తా ప్రతి ఆర్డరునూ కంటితో చూసి రెండు దొంతర్లుగా వేరు చేసేవాడు. దసరా నుంచి దీపావళి దాకా ఆ దొంతర్లు కలిసిపోతూనే ఉండేవి. అంతకు ముందు 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కాగితం పుస్తకాలు ఎలాగూ సగం తడిసిపోయాయి. ఆర్డర్లకు తిరిగే అబ్బాయిలు ఫోనులోనే పట్టిక నింపి పంపే పద్ధతి ఆ తరువాతే మొదలైంది.

"నువ్వు చేసే ఉద్యోగం ఇదే కదమ్మా, అటువి అటు, ఇటువి ఇటు పంపడం?" అన్నాడు మామయ్య ఒకరోజు. నిజమే. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో చాలా ఏళ్లుగా అదే రాస్తున్నాను. ఒక చోటి నుంచి వచ్చిన సందేశాన్ని విప్పి చూసి, లోపల ఉన్నదాన్ని బట్టి తగిన చోటికి చేర్చే ప్రోగ్రాములు. అయితే రాసి అప్పగించడం వరకే నా పని. దాన్ని కంటెయినర్‌లో, అంటే ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా విడిగా ఉంచే గదిలాంటి దానిలో, పెట్టి నడిపించేది వేరే జట్టు. అర్ధరాత్రి ఫోన్లు వాళ్లకే వెళ్లేవి. వాళ్లు అంత చిరాగ్గా ఎందుకు ఉంటారో ఈ పని మొదలుపెట్టాక తెలిసింది.

ప్రోగ్రాము రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. జావా ప్రోగ్రాములకు పునాది ఇచ్చే స్ప్రింగ్ బూట్, దాని మీద సందేశాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే అపాచీ క్యామెల్ నాలుగో వెర్షన్, జావా 17. ఒక ఫోల్డర్‌లో పడిన ఫైలును తీసుకోవాలి, వరుసలుగా విడగొట్టాలి, ప్రతి వరుసలో కొనుగోలుదారు జీఎస్టీ నంబరు చూడాలి. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు. ఒడిశా కోడు 21 అయితే ఒక క్యూలోకి (సందేశాలు వంతు కోసం ఆగే వరుస), ఆంధ్ర అయితే ఇంకో క్యూలోకి. క్యూలను చూసుకోవడానికి యాక్టివ్‌ఎంక్యూ అనే ప్రోగ్రాము. అక్కడి నుంచి బిల్లుల సాఫ్ట్‌వేర్ తనకు కావలసిన రూపంలో తీసుకుంటుంది.

మామయ్యకు ఇది చెప్పడానికి నాకు నౌపడ రైల్వే స్టేషను దొరికింది. 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలు పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పెద్ద లైనులో నౌపడ దాకా వచ్చిన సరుకును అక్కడ దింపి చిన్న పెట్టెల్లోకి ఎక్కించాలి. బస్తా లోపలి బియ్యం మారదు, బండి మారుతుంది. 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ పడ్డాక ఆ దింపుళ్ల అవసరం పోయింది గానీ, ఆ పని ఎలా ఉండేదో మా ఇంట్లో అందరూ తాతయ్య నోట విన్నవాళ్లే. "అంటే నువ్వు నౌపడలో కూలీవి" అన్నాడు మామయ్య. నా ఉద్యోగాన్ని ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

మొదటి తప్పు నాదే, అదీ అంకెల్లో. ఆంధ్ర కోడు 28 అని రాశాను. పాత వ్యాట్ రోజుల బిల్లుల మీద అటువైపు నంబర్లన్నీ 28తో మొదలయ్యేవి, అవి చూస్తూ పెరిగాను. జీఎస్టీ పట్టికలో 28 అంటే విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్. ఇప్పటిది 37. పాతపట్నం, టెక్కలి ఆర్డర్లలో ఒక్కటి కూడా నా 28కి తగల్లేదు. 21 కాదు, 28 కాదు, కాబట్టి 'ఏదీ కానిది' అనే దారిలోకి పోయాయి. ఆ దారి చివర నేను పెట్టింది లాగ్‌లో, అంటే ప్రోగ్రాము తన పని రాసుకునే చిట్టాలో, ఒక వాక్యం, అంతే. ఒక రోజు ఆర్డర్లు ఆ వాక్యాలుగా మిగిలిపోయాయి. 37 అని దిద్దడానికి నిమిషం చాలు. దానికన్నా ముఖ్యంగా, ఎటూ కానివాటికి మూడో క్యూ పెట్టాను: 'చూడవలసినవి'. అసలు జీఎస్టీ నంబరే లేని చిన్న కొట్లు చాలా ఉంటాయని కూడా అప్పుడే తెలిసింది. ఆ గడి ఖాళీగా వస్తే ప్రోగ్రాము కూలిపోకుండా వాటినీ అందులోకే పంపాను.

ఆ వెంటనే గుమాస్తా నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫోల్డర్‌లో పెట్టిన ఫైళ్లు మాయమవుతున్నాయట. క్యామెల్ అంటే ఒంటె అని మామయ్యకు చెప్పి ఉన్నాను. ఫోను చేసి, "ఏమ్మా, నీ ఒంటె ఫైళ్లు కూడా మేస్తుందా?" అన్నాడు. మేయదు, దాచుకుంటుంది. ఒక ఫైలు పని అయిపోగానే క్యామెల్ దాన్ని అదే చోట తన పేరుతో ఉన్న లోపలి ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి లినక్స్‌లో మామూలుగా చూస్తే కనబడదు. గుమాస్తాకు చూపించాను. తృప్తి పడలేదు. తన కాగితాలను ఎవరో అడగకుండా బీరువాలో పెట్టినట్టే అతనికి అనిపించింది. కొన్నాళ్లకు ఆ బీరువాయే మమ్మల్ని కాపాడింది, ఆ సంగతి తరువాత.

సగం ఫైళ్ల బెడద ఇంకొకటి. మోహన కొండల్లోంచి అబ్బాయి పంపే ఫైలు సిగ్నల్ పోయి మధ్యలో ఆగుతుంది. వచ్చినంత వరకు పూర్తి ఫైలే అనుకుని ఒంటె చదివేస్తుంది. చివరి వరుస సగంలో తెగిన ఆర్డరులో 90 మీటర్ల చుట్టలు 12 కావలసినచోట 1 అని పడింది. ఫైలు పరిమాణం మారుతూ ఉంటే ఆగమని చెప్పే రీడ్‌లాక్ అమరిక ఉంది. అది మామూలుగా సెకనుకోసారి చూస్తుంది. మా కొండల సిగ్నల్‌కు సెకను ఒక లెక్క కాదు, పది సెకన్లు చేశాను.

ఇదంతా నా ల్యాప్‌టాప్‌లో. ఇక దుకాణంలోని పాత కంప్యూటర్‌లో పెట్టాలి. నేను ఊళ్లో లేనప్పుడు కూడా అది తనంత తాను లేచి నడవాలి కాబట్టి కంటెయినర్లను నడిపే డాకర్ ఎంచుకున్నాను. ప్రోగ్రాము, దానికి కావలసిన జావా, అన్నీ ఇమేజ్ అనే ఒకే మూటలో కట్టి పంపితే అక్కడ ఏదీ విడిగా వేయనక్కరలేదు. ల్యాప్‌టాప్‌లో నడిచింది అక్కడా అచ్చంగా అలాగే నడుస్తుందని కదా డాకర్ పేరు చెప్పగానే అందరూ అనేది. నాకు మాత్రం కంటెయినర్ కొత్త ఊళ్లో దిగిన మనిషిలా కనిపించింది. పక్కింట్లో ఎవరున్నారో తెలియదు, ఏ భాషో తెలియదు, టైము ఎంతయిందో తెలియదు.

పక్కిల్లు సంగతి త్వరగానే తేలింది. యాక్టివ్‌ఎంక్యూ 'లోకల్‌హోస్ట్'లో, అంటే ఈ యంత్రంలోనే, 61616 పోర్టులో ఉందని నా ప్రోగ్రాములో రాసి ఉంది. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. తలుపు వేసుకుని తన గదిలోనే క్యూ కోసం వెతికింది. కంటెయినర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్ ఫైలులో రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి, యాక్టివ్‌ఎంక్యూను పేరుతో పిలవమన్నాను. అది ముందు మొదలైతే చాలదనీ, వచ్చినవాళ్లను లోపలికి తీసుకునేంతగా లేచి కూర్చోవాలనీ తెలిసి, ఆరోగ్య పరీక్ష ఒకటి కలిపాను.

భాష సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మూడో రోజు గోడౌన్ నుంచి ఫోను: చీటీల మీద ఊరి పేరు చోట ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. వస్తువులు సరిగ్గానే ఉన్నాయి, అంకెలు సరిగ్గానే ఉన్నాయి, 21, 37 చూసి వేరు చేయడం కూడా సరిగ్గానే జరుగుతోంది. పేర్లు మాత్రం, తెలుగులో రాసినా ఒడియాలో రాసినా, ప్రశ్నార్థకాల బారులు. ముందు ప్రింటర్‌లో ఫాంటు లేదేమోనన్నాను. తరువాత బిల్లుల సాఫ్ట్‌వేర్ మీద అనుమానపడ్డాను. ఆ తరువాత ఆర్డర్లకు తిరిగే ఒక అబ్బాయి కొత్త ఫోను మీద. పాపం, అతను ఆ ఫోనుతో అప్పటికి ఒక్క ఆర్డరే పంపాడు.

చివరికి దారి చూపింది ఒక చీటీ. ఊరి పేరు చోట ప్రశ్నార్థకాలు లెక్కపెట్టాను, 21 ఉన్నాయి. గుమాస్తాను అడిగితే అది టెక్కలి ఆర్డరు అన్నాడు. టెక్కలి అనే మాట కంప్యూటర్‌లో ఏడు ముక్కలు: ట, ఎత్వం, క, పొల్లు, క, ల, గుడి. అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు ముక్క ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. అంటే ఎవరో ఒక్కో బైటునూ విడి అక్షరంగా చదివి, ప్రతిదానికీ 'తెలియదు' అంటున్నారు. ఫాంటు తప్పయితే ఇలా జరగదు, చదివేవాడికే ఆ లిపి తెలియదు. "21 ఒడిశా కోడు కదా, టెక్కలిని మనలో కలిపేశావా?" అని మామయ్య నవ్వాడు. నాకు అప్పుడు నవ్వు రాలేదు.

చదివేది జావాయే. 17 వరకు జావాకు సొంత అభిప్రాయం లేదు. ఫైలును ఏ లిపిలో చదవాలో చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. 2022లో వచ్చిన 18 నుంచే ఎవరినీ అడగకుండా యూటీఎఫ్-8 అనుకోవడం మొదలైంది. జావాతో సిద్ధంగా దొరికే ఇమేజ్‌లు వదిలేసి, నా చేత్తో కట్టాలన్న ఉబలాటంతో నేను ఖాళీ ఉబుంటు ఇమేజ్ మీద జావా 17 వేశాను. ఆ ఖాళీ ఇమేజ్‌లో భాష అమరిక అనేదే లేదు. అడిగితే జవాబు రాకపోయేసరికి జావా పాత పట్టిక పట్టుకుంది. దాని అసలు పేరు లాగ్‌లో ముద్రించి చూశాను: ఏఎన్‌ఎస్‌ఐ ఎక్స్3.4-1968. పేరు చివరున్నది సంవత్సరమే. అందులో మొత్తం 128 గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ పోగా మిగిలేవి విరామచిహ్నాలూ అలాంటివే. పర్లాకిమిడిలో రెండు భారతీయ లిపుల్లో వచ్చిన ఆర్డరును 1968 నాటి ఇంగ్లీషు పట్టిక పట్టుకుని చదవమన్నానన్నమాట. ల్యాప్‌టాప్‌లో భాష అమరిక ఎప్పటి నుంచో ఉంది, అందుకే అక్కడ ఈ తప్పు ఎన్నడూ బయటపడలేదు.

ఇమేజ్‌లో భాష అమరిక పెట్టాను. జావాకు విడిగా చెప్పాను. ఫైలు చదివేచోట, రాసేచోట క్యామెల్‌కూ చెప్పాను. ఒక చోట చెప్పినా సరిపోయేదే, కానీ ఆ మూడు రోజుల తరువాత నాకు ఎవరి మీదా నమ్మకం లేదు.

టైము గొడవ చిన్నది. కంటెయినర్ గడియారం గ్రీనిచ్ సమయంలో నడుస్తుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. తెల్లవారి ఐదు గంటల బస్సెక్కి అబ్బాయి పంపిన ఆర్డరుకు ముందు రోజు తేదీ పడుతుంది. రోజూ పడుతున్నా ఎవరూ గమనించలేదు. ఒకటో తారీఖున మాత్రం గమనించారు, ఎందుకంటే బిల్లు గత నెలలోకి వెళ్లింది.

పర్లాకిమిడి నెట్‌తో ఇమేజ్‌లు పంపడం వేరే శిక్ష. ఒక వాక్యం మార్చినా మొత్తం ఇమేజ్ మళ్లీ ఎక్కుతుంటే కారణం వెతికాను. నేను రాసింది కొన్ని కిలోబైట్లు. దానితో పాటు స్ప్రింగ్, క్యామెల్ లైబ్రరీలన్నీ ఒకే జార్‌లో (జావా ప్రోగ్రాము మూట), ఇమేజ్‌లోని ఒకే పొరలో ఉన్నాయి. పొరలో ఒక్క అక్షరం మారినా డాకర్‌కు అది కొత్త పొరే. స్ప్రింగ్ బూట్ ఆ జార్‌ను పొరలుగా విడగొట్టగలదు: మారని లైబ్రరీలు అడుగున, మారే నా రాత పైన. ఇమేజ్ కట్టే సూచనలుండే డాకర్‌ఫైల్ రెండు దశలుగా రాసి, జావా ప్రోగ్రామును కట్టే పనిముట్టు మేవెన్ మొదటి దశలోనే ఉండిపోయేలా చేశాను. అప్పటి నుంచి పైపొర ఒక్కటే వెళ్తుంది, టీ తాగేలోపు పని అయిపోతుంది.

ఇప్పుడు బీరువా కథ. ఏదో అమరిక మార్చి, కంపోజ్‌ను 'డౌన్' చేసి మళ్లీ 'అప్' చేశాను. డౌన్ అంటే ఆపడం అనుకున్నాను. ఆపి, కంటెయినర్‌ను తీసేయడం కూడా. యాక్టివ్‌ఎంక్యూ తన సందేశాలను డిస్కు మీదే రాసుకుంటుంది, కానీ ఆ డిస్కు కంటెయినర్ లోపలిది. నేను బయట వాల్యూమ్, అంటే కంటెయినర్ పోయినా మిగిలే నిల్వ చోటు, ఇవ్వలేదు. గుమాస్తా భోజనానికి వెళ్లినందువల్ల బిల్లు కాకుండా క్యూలో ఉన్న ఆర్డర్లన్నీ పోయాయి. మామయ్యకు చెప్పడానికి నోరు రాలేదు. గుమాస్తాకే ముందు తట్టింది: "అమ్మా, ఆ కనబడని బీరువాలో కాగితాలు ఉంటాయి కదా?" ఉన్నాయి. ఆ ఉదయం వచ్చిన ఫైళ్లన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. బిల్లు అయినవాటిని పక్కన పెట్టి, మిగిలినవాటిని ఇద్దరం కలిసి తిరిగి ఫోల్డర్‌లో పెట్టాం. అప్పటి నుంచి అతను ఒంటెను ఏమీ అనడు. నేను వాల్యూమ్‌లు ఇవ్వకుండా ఏదీ నడపను.

పోవడం కన్నా రెండుసార్లు రావడం ఎక్కువ ప్రమాదమని తరువాత తెలిసింది. కాశీనగరం కొట్టుకు ఒకే ఆర్డరు రెండుసార్లు వెళ్లింది. ఆయన మంచివాడు, రెండో విడత దీపావళికి పనికొస్తుందని ఉంచుకున్నాడు. కారణం వెతికితే, నేను ఆపిన తీరు. డాకర్ ఆగమన్నప్పుడు ముందు మర్యాదగా ఒక సంకేతం పంపుతుంది, పది సెకన్లు చూస్తుంది, అప్పటికీ ఆగకపోతే పీక నొక్కుతుంది. డాకర్‌ఫైల్‌లో జావాను నేను ఆదేశాలు నడిపే షెల్ ద్వారా మొదలుపెట్టాను. సంకేతం షెల్ దగ్గరే ఆగిపోయింది, లోపలి జావాకు కబురే అందలేదు. అందినా పది సెకన్లు చాలవు. చేతిలో ఉన్న పని ముగించడానికి క్యామెల్ 45 సెకన్ల దాకా తీసుకుంటుంది. ఫైలు సగం వరుసలు క్యూలోకి వెళ్లాక ప్రాణం పోయింది. ఫైలు బీరువాలోకి జరగలేదు కాబట్టి, లేచిన వెంటనే దాన్ని కొత్తదనుకుని మొదటి నుంచి చదివింది.

షెల్‌ను తీసేసి జావానే నేరుగా మొదలుపెట్టాను, గడువు 60 సెకన్లు చేశాను. కానీ మా ఊళ్లో కరెంటు ఏ సంకేతమూ ఇచ్చి పోదు. అందుకని ఆర్డరు నంబర్లన్నీ ఒక ఫైలులో, వాల్యూమ్ మీద, రాసుకునే ఏర్పాటు చేశాను. ముందే ఉన్న నంబరు మళ్లీ వస్తే క్యామెల్ దాన్ని పక్కన పెడుతుంది. మొదట దాన్ని మెమరీలో పెట్టి, కరెంటు పోగానే అది కూడా పోతుందని అరగంట తరువాత గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

మధ్యలో ఒక నెల, చాలా కంటెయినర్లను చాలా యంత్రాల మీద నడిపే కుబర్నెటీస్ కూడా చేశాను. ఆఫీసులో అందరూ అదే అంటుంటే నాకూ కావాలనిపించింది. ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, కంటెయినర్‌కు 256 మెగాబైట్ల హద్దు పెట్టి, అందులో ముప్పాతిక జావా హీప్‌కు, అంటే అది తన డేటా ఉంచుకునే మెమరీకి, ఇచ్చాను. హీప్ కాక తరగతులకు, థ్రెడ్లకు కూడా జావాకు చోటు కావాలని మరచిపోయాను. 137 అనే అంకెతో చనిపోతూ, లేస్తూ ఉండేది. 128కి 9 కలిపితే 137. తొమ్మిది అంటే బలవంతపు చావు. జావా లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే చంపింది జావా కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్. హద్దు పెంచి సరిచేశాను గానీ, ఒక్క దుకాణానికి అంత యంత్రాంగం చీమకు అంబారీ కట్టినట్టుంది. కంపోజ్‌కు తిరిగి వచ్చాను. ఈ విషయంలో ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం.

ఇప్పుడు రోజూ దుకాణం కట్టే ముందు మామయ్య 'చూడవలసినవి' తెరుస్తాడు. చిరునామా చూసి వీటిని కూడా ఒంటె చేతే వేరు చేయించగలనని చెప్పాను. వద్దన్నాడు. ఆ పేర్లు చూస్తే ఎవరి కొట్టు అటు, ఎవరి ఇల్లు ఇటు అన్నది తనకు తెలుసు, చిరునామాకు తెలియదట. నిన్న అందులో నాలుగు ఉన్నాయి. మూడింటిని చూస్తూనే పంచేశాడు. నాలుగో ఆయన రాసిన నంబరు 28తో మొదలైంది. ఆయన ఇంకా పాత కాగితం చూసే రాస్తున్నాడు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది. ఇవాళ ఆదివారం, ఆయన కొట్టు తెరవడు. అది క్యూలోనే ఉంది.